ఎరుపొక్కటే మిగలాలి

పెళ్లి ఆల్బమ్ తిరగేస్తుంటే ఎక్కడో ఒక పేజీలో అది తగులుతుంది. మండపం, చుట్టాలు, పురోహితుడు, అరటి బోదెలు అన్నీ నలుపు తెలుపుల్లో ఉంటాయి. పెళ్లికూతురి చీర మాత్రం భగ్గుమంటూ ఉంటుంది. కరిజ్మా ఆల్బమ్‌లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఇలాంటి పేజీ ఒకటి లేకపోతే స్టూడియోవాడు డబ్బుకు తగ్గ పని చెయ్యలేదని గొణిగేవాళ్లు. ఫోటో మొత్తంలో రంగు తీసేసి ఒక్కచోట మాత్రం అట్టేపెట్టే ఈ పద్ధతిని సెలెక్టివ్ కలరింగ్ అంటారు. ఎడిటింగ్ నేర్చుకుందామని కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాళ్లూ మొదటి వారంలోనే దీనిమీద పడతారు.

పడనివ్వండి. ఆల్బమ్ పేజీగా దాని మోజు తీరి చాలాకాలమైంది గానీ, పాఠంగా ఇంతకంటే మంచిది నాకు తెలీదు. లేయర్, సెలెక్షన్, మాస్క్, బ్రష్ అన్నీ ఒకే ఫోటోలో చేతికి తగులుతాయి. ముఖ్యంగా మాస్క్. అది ఒక్కటి పట్టుబడితే మిగతా సాఫ్ట్‌వేర్ అంతా భయం లేకుండా తెరుచుకుంటుంది. పట్టుబడకపోతే ఇరేజర్‌తో ఫోటోలు చెరుపుకుంటూ ఏళ్లు గడిపేయొచ్చు. అలా గడిపేసినవాళ్లకు మన డీటీపీ సెంటర్లలో కొదవలేదు.

సాధన కోసం ఎర్ర గులాబీ ఫోటో తీసుకోమని అందరూ చెబుతారు. గులాబీకి చుట్టూ ఆకుపచ్చ ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని ఒక్క క్లిక్‌తో పట్టేస్తుంది, మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు. నేనైతే విజయవాడ బెంజ్ సర్కిల్‌కు వెళ్లమంటాను, అదీ దుర్గమ్మ దీక్ష పట్టిన భవానీలు నడిచే రోజుల్లో.

ఏటా మార్గశిర మాసంలో, డిసెంబరు ప్రాంతంలో, ఇంద్రకీలాద్రి మీద భవానీ దీక్షల విరమణ జరుగుతుంది. 41 రోజుల మండల దీక్షో, 21 రోజుల అర్ధమండల దీక్షో పూర్తిచేసుకున్నవాళ్లు ఎర్రబట్టలతో, నెత్తిన ఎర్రటి ఇరుముడితో అమ్మవారి కొండకు వస్తారు. బందరు వైపు నుంచి కాలినడకన వచ్చేవాళ్లు బందరు రోడ్డు పట్టుకుని బెంజ్ సర్కిల్ దాటి ఊళ్లోకి రావాలి. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి ఆ రోడ్డును అడ్డంగా కోసేది అక్కడే. రహదారి మీద పక్కపక్కనే రెండు ఫ్లైఓవర్లు. కింద సిమెంటు స్తంభాలు, తారు, దుమ్ము, లారీల పొగ. అక్కడ సగం రంగును ఊరే ముందుగా తీసిపెట్టింది. ఆ బూడిదరంగులోంచి పదిమంది భవానీలు ఎర్రగా నడిచొస్తుంటే మీ ఫోటో అదే.

తీసేటప్పుడే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎర్రబట్ట ఫోటో తీస్తే ఫోన్ కెమెరాలో ఎరుపు ఛానెల్ దాని గరిష్ఠ విలువైన 255 దగ్గర కొట్టుకుని ఆగిపోతుంది. అంటే బట్టలో మడతలు, నీడలు అన్నీ కలిసి ఒకే ఎర్ర ముద్ద అయిపోతాయి. తరవాత ఎడిటింగ్‌లో ఎంత తగ్గించినా ఆ మడతలు తిరిగి రావు, ఎందుకంటే అవి ఫైల్‌లో లేనే లేవు. ఫ్లైఓవర్ నీడలోకి వచ్చాక తీయండి, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీయండి. ఇంకొకటి, అడిగి తీయండి. దీక్షలో ఉన్నవాళ్లను పేరుపెట్టి పిలవరు, ఎవరినైనా భవానీ అనే అంటారు. “భవానీ, ఒక ఫోటో తీసుకోమంటారా?” అంటే కాదనేవాళ్లు తక్కువ. నడక ఆపి నిలబడతారు కూడా. నిలబడొద్దు, నడుస్తూనే ఉండండని చెప్పుకోవడమే కష్టం.

ఇంటికొచ్చాక ఆ ఫోటోను వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని కంప్యూటర్‌లోకి ఎక్కించకండి. వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. మామూలుగానే జేపెగ్ ఫైల్‌లో వెలుగు వివరం పూర్తిగా ఉంటుంది గానీ రంగు వివరం చాలావరకు అడ్డంగా సగానికీ నిలువునా సగానికీ తగ్గించి ఉంటుంది. మన కంటికి వెలుగులో తేడా తెలిసినంతగా రంగులో తేడా తెలియదు కాబట్టి ఈ పొదుపు మామూలు ఫోటోలో కనిపించదు. కానీ మనం చేయబోయేది రంగు అంచు వెంబడి కత్తిరించే పని. దానిమీద మరోసారి కుదిస్తే భుజం అంచు మెట్లుమెట్లుగా తయారవుతుంది. కేబుల్ పెట్టి కాపీ చేయండి. లేదంటే వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు అసలు ఫైల్ అలాగే వస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టక్కర్లేని గింప్‌తో చెబుతాను. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. 3.0 వెర్షన్ 2025 మార్చిలో వచ్చింది. మీ దగ్గర ఫోటోషాప్ ఉంటే దాని తేడాలు మధ్యలో చెబుతాను, ఆలోచన రెండింటిలో ఒకటే.

ఫోటో తెరవగానే కుడివైపు లేయర్స్ పలకలో ఒకే లేయర్, అంటే ఒకే పొర, కనిపిస్తుంది. షిఫ్ట్, కంట్రోల్, డి కలిపి నొక్కండి. దాని నకలు పైన వచ్చి కూర్చుంటుంది. పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి కిందదానికి ‘రంగు’ అని, పైదానికి ‘బూడిద’ అని పేరు పెట్టండి. అనవసరమనిపిస్తుంది గానీ, గంట తరవాత ఏ లేయర్ మీద ఉన్నామో తెలియక తికమకపడేవాళ్లంతా పేర్లు పెట్టనివాళ్లే.

పై లేయర్‌ను ఎంచుకుని కలర్స్ మెనూలో డీశాచురేట్ దగ్గరకు వెళ్లండి. అందులో మళ్లీ డీశాచురేట్ అనే ఉంటుంది. ఇక్కడ కాసేపు ఆగాలి. రంగు తీసేయడం అంటే ఒకటే దారి అనుకుంటాం గానీ గింప్ అయిదు దారులు చూపిస్తుంది. ల్యూమినెన్స్, ల్యూమా అనేవి కంటి లెక్కను పట్టుకుంటాయి. మన కంటికి ఆకుపచ్చే ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది కాబట్టి బూడిద ఛాయలో దానికి దాదాపు 72 శాతం వాటా ఇస్తాయి, ఎరుపుకు 21, నీలానికి 7. వ్యాల్యూ అనేదాన్ని ఎంచుకుంటే మూడింటిలో పెద్ద అంకెనే తీసుకుంటుంది, అందుకని భగ్గుమనే ఎరుపు కాస్తా దాదాపు తెల్లగా అయిపోతుంది. ఒక్కొక్కటీ మార్చి చూడండి. పక్కన వెళ్తున్న పసుపు ఆటో ఒకదాంట్లో మెరుస్తుంది, ఇంకోదాంట్లో రోడ్డులో కలిసిపోతుంది. మన ఫోటోకు ఆటో రోడ్డులో కలిసిపోవడమే కావాలి. భవానీల మీదినుంచి కన్ను పక్కకు లాగే వస్తువు ఏదైనా సరే చుట్టుపక్కలతో కలిసిపోతేనే మేలు. ఆటో లాంటిది అడ్డం రాకపోతే, సాధారణంగా ల్యూమినెన్స్ దగ్గర ఆగిపోవచ్చు.

ఫోటోషాప్‌లో ఈ పనికి లేయర్ నకలు అక్కర్లేదు. బ్లాక్ అండ్ వైట్ అనే అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెడితే చాలు, మాస్క్ దాని వెంటే వస్తుంది. ఒక్కో రంగు ఎంత ముదురు బూడిదగా మారాలో చెప్పే స్లైడర్లు కూడా అందులోనే ఉంటాయి. అయితే అదే జాబితాలో సెలెక్టివ్ కలర్ అని ఒకటి కనిపిస్తుంది. పేరు చూసి కొత్తవాళ్లు నేరుగా దాన్ని నొక్కుతారు. దానికీ మన పనికీ సంబంధం లేదు. ఎరుపుల్లో సయాన్ ఎంత, పసుపుల్లో నలుపు ఎంత అని ముద్రణ సిరాల లెక్కలో రంగులు సవరించే పరికరం అది. ప్రెస్సులో పనిచేసేవాళ్లకు ప్రాణం, మనకు ఇప్పుడు అడ్డం.

ఇప్పుడు తెరమీద మొత్తం నలుపు తెలుపు ఫోటో ఉంది. దాని కింద, కనిపించకుండా, రంగు ఫోటో ఉంది. పై లేయర్‌లో భవానీలు ఉన్నంత మేర కన్నం పెడితే కిందినుంచి ఎరుపు కనిపిస్తుంది. ఆ కన్నాన్ని ఇరేజర్‌తో పెట్టొచ్చు. కానీ చెరిపింది పోయినట్టే, రేపు వేలి దగ్గర అంచు తప్పిందని తెలిస్తే వెనక్కి రాదు. అందుకే మాస్క్. లేయర్ మెనూలో మాస్క్, అందులో యాడ్ లేయర్ మాస్క్, తెలుపు రంగు మాస్క్ ఎంచుకోండి. ‘బూడిద’ లేయర్ బొమ్మ పక్కన ఒక తెల్ల చతురస్రం వస్తుంది. ఆ చతురస్రంలో తెలుపున్నచోట లేయర్ కనిపిస్తుంది, నలుపు పూసినచోట దాక్కుంటుంది. మధ్యలో బూడిదరంగు పూస్తే సగం సగం.

బెంజ్ సర్కిల్ నుంచి అదే బందరు రోడ్డు మీద సాగిపోతే, బందరు దగ్గర పెడన వస్తుంది. అక్కడ కలంకారీ అద్దకంలో ఎరుపు ఎలా తెస్తారో చూసినవాళ్లకు మాస్క్ గురించి వేరే చెప్పక్కర్లేదు. కరక్కాయ పట్టించిన బట్ట మీద చెక్క అచ్చుతో అద్దేది ఎర్ర రంగు కాదు, పటిక నీళ్లు. అప్పుడు అక్కడేమీ ఎర్రగా కనిపించదు. తరవాత బట్ట మొత్తాన్ని ఎర్ర రంగు కాగే బానలో ముంచి తీస్తారు. పటిక పడినచోట రంగు కరిచి పట్టుకుంటుంది, పడనిచోట ఉతుకులకు వదిలిపోతుంది. రంగును తాకకుండా రంగు ఎక్కడ నిలవాలో ముందు నిర్ణయించడం. మాస్క్ చేసేది అచ్చంగా ఇదే. ఒక్క తేడా ఉంది. బానలో ముంచాక పటిక తప్పును దిద్దుకోలేరు, మాస్క్‌ను ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు.

ఇక ఎరుపును ఏరాలి. ‘బూడిద’ లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి దాన్ని కాసేపు దాచండి. ‘రంగు’ లేయర్‌ను ఎంచుకోండి. ముందు ఎఫ్ నొక్కి లాసో అనబడే ఫ్రీ సెలెక్ట్ తీసుకుని భవానీల గుంపు చుట్టూ రమారమి ఒక గీత గీసి ముగించండి. నీటుగా రానక్కర్లేదు. తరవాత షిఫ్ట్, ఓ నొక్కితే సెలెక్ట్ బై కలర్ వస్తుంది. దాని ఆప్షన్లలో మోడ్‌ను ఇంటర్‌సెక్ట్‌కు మార్చండి. ఇప్పుడు ఒక చీర మీద క్లిక్ చేస్తే, మీరు గీసిన గీత లోపల ఉన్న అలాంటి ఎరుపు మాత్రమే ఎంపికవుతుంది. లాసో లేకుండా నేరుగా క్లిక్ చేస్తే ఫోటోలో ఉన్న ఎరుపంతా వస్తుంది. లారీల బ్రేక్ లైట్లు, వెనకాల ఫ్లెక్సీలో నాయకుడి కండువా, ట్రాఫిక్ సిగ్నల్, అన్నీ. సిగ్నల్ బూడిదగా మారితే ఆగాలో వెళ్లాలో ఎలా తెలుస్తుందని మీకు అనుమానం రావచ్చు. రంగున్నప్పుడు మాత్రం ఎవరు చూశారు?

క్లిక్ చేసి వదలకుండా మౌస్‌ను కిందికి లాగితే థ్రెషోల్డ్ పెరుగుతుంది, అంటే మీరు నొక్కిన ఎరుపుకు కాస్త దూరపు ఎరుపులు కూడా లోపలికి వస్తాయి. ఇక్కడే ఈ పాఠంలోని అసలు చిక్కు. థ్రెషోల్డ్ తక్కువైతే చీర మడతల్లోని ముదురు నీడలు, చీకటిపడ్డ చంకల కింది భాగం బయటే ఉండిపోతాయి. పెంచితే ముఖాలు, చేతులు లోపలికి వచ్చేస్తాయి. మన చామనఛాయ కంప్యూటర్ లెక్కలో ముదురు నారింజ, ఎరుపుకు పక్కింటిదే. అందుకే గులాబీ ఫోటో వద్దన్నాను. గులాబీకి చెయ్యి ఉండదు. థ్రెషోల్డ్‌ను చర్మం లోపలికి రాబోయే ముందు ఆపేయండి. మోడ్‌ను ఈసారి యాడ్‌కు మార్చి ముదురు మడతల మీద తక్కువ థ్రెషోల్డ్‌తో ఒక్కో క్లిక్ ఇవ్వండి. మిగిలిన చిల్లులు బ్రష్‌తో పూడుస్తాం.

ఎంపిక ఎంతవరకు వచ్చిందో కదిలే చుక్కల గీతను చూసి తెలుసుకోవడం కష్టం. షిఫ్ట్, క్యూ నొక్కితే క్విక్ మాస్క్ వస్తుంది. ఎంపిక కానిచోటంతా పల్చటి ఎర్ర పొర పరుచుకుంటుంది. మనం చూడాల్సింది ఎర్రబట్టలు, సాఫ్ట్‌వేర్ పరిచేది ఎర్ర పొర. ఏది ఏదో తెలిస్తే ఒట్టు! ఫోటో కిటికీ కింద ఎడమ మూలనున్న చిన్న క్విక్ మాస్క్ గుర్తు మీద రైట్ క్లిక్ చేస్తే ఆ పొర రంగు మార్చుకునే వీలుంది. ముదురు ఆకుపచ్చకు మార్చండి, చిల్లులన్నీ ఒక్కసారిగా కనిపిస్తాయి. చూసుకున్నాక మళ్లీ షిఫ్ట్, క్యూ నొక్కి బయటికి రండి. సెలెక్ట్ మెనూలో ఫెదర్ తీసుకుని రెండు మూడు పిక్సెల్స్ ఇస్తే అంచు కత్తిరించినట్టు కాకుండా కాస్త మెత్తబడుతుంది.

‘బూడిద’ లేయర్ కన్ను తిరిగి తెరిచి, దాని పక్కనున్న తెల్ల చతురస్రం మీద క్లిక్ చేయండి. లేయర్ బొమ్మ మీద కాదు, మాస్క్ మీద. దేని చుట్టూ అంచు గీత మెరుస్తుంటే మీరు దానిమీద ఉన్నట్టు. ఇది చూసుకోకుండా నల్ల బ్రష్ తిప్పితే ఫోటో మీదే తారు పూసినట్టవుతుంది. డి నొక్కితే రంగులు నలుపు తెలుపులకు వస్తాయి. కంట్రోల్, కామా నొక్కండి. ఎంపిక మేర మాస్క్‌లోకి నలుపు నిండుతుంది, తెరమీద భవానీలు ఎర్రబడతారు. వెంటనే షిఫ్ట్, కంట్రోల్, ఏ నొక్కి ఎంపికను తీసేయండి. తీయకపోతే ఇక మీదట బ్రష్ ఆ గీత లోపలే పనిచేస్తుంది, బయట ఎంత పూసినా అంటదు. సాఫ్ట్‌వేర్ పాడైందని కొత్తవాళ్లు మూసి తెరిచేది ఈ దశలోనే.

ఇప్పటిదాకా అయింది యంత్రం పని, పట్టుమని పావుగంట. ఇక మీదిది చేతి పని. దీనికి సాయంత్రమంతా పట్టినా పట్టొచ్చు.

పి నొక్కితే బ్రష్ వస్తుంది, ఫోటోషాప్‌లో అయితే బి. నలుపు పూస్తే రంగు వస్తుంది, తెలుపు పూస్తే పోతుంది. ఎక్స్ నొక్కితే రెండూ తారుమారవుతాయి. ఎడమచేతి వేలు ఎక్స్ మీద, కుడిచేతిలో మౌస్, ఇక మెనూల జోలికి పోవక్కర్లేదు. స్క్వేర్ బ్రాకెట్ల మీటలతో బ్రష్ పెద్దదీ చిన్నదీ అవుతుంది. ఫోటోను 200 శాతానికి పెంచి, ఒక మనిషిని పూర్తిచేసి ఇంకో మనిషికి వెళ్లండి. ఇరుముడి అంచు, భుజం, చీర కుచ్చిళ్లు ఈ మూడుచోట్లా పొరపాట్లు బయటపడతాయి. ఇరుముడి అంచు గట్టిగా ఉంటుంది కాబట్టి బ్రష్ హార్డ్‌నెస్ 80 దాకా ఉంచొచ్చు. భుజం మీద 50 చాలు. నడుస్తున్న కాళ్ల దగ్గర కుచ్చిళ్లు కదిలి మసకబారి ఉంటాయి. అక్కడ బ్రష్ ఒపాసిటీ సగానికి తగ్గించి పూయాలి. మాస్క్‌లో బూడిదరంగు పడి, ఎరుపు కూడా ఆ కదలికతోపాటే పల్చబడుతుంది. మసకగా ఉన్న అంచును గట్టి బ్రష్‌తో కోస్తే అట్టముక్క అతికించినట్టు ఉంటుంది. పెళ్లి ఆల్బమ్‌లలో చీర మనిషిని వదిలి గాల్లో తేలుతున్నట్టు కనిపించేది ఇందుకే.

ఎర్రబట్ట మీద పడ్డ వెలుగు తిరిగి గడ్డం కిందికి, మోచేతి లోపలికి ఎర్రగా కొడుతుంది. దాన్ని ఉంచాలా, తీయాలా అన్నది ముఖాల సంగతి తేల్చుకున్నాక చూసుకోవాలి. అది తేల్చుకోవడమే ఈ పనిలో కష్టమైన భాగం, దానికి ఏ మీటా లేదు. బట్ట ఎర్రగా, ముఖం బూడిదగా ఉంచితే ఫోటో దూరం నుంచి బలంగా ఉంటుంది, దగ్గరకెళితే మనుషులు బట్టలు తగిలించిన కొయ్యల్లా కనిపిస్తారు. ముఖాలకూ రంగు ఉంచితే మనుషులు బతికొస్తారు గానీ ఎరుపు ఒంటరితనం పోతుంది. నా మాట అడిగితే, గుంపుగా వెనకనుంచో పక్కనుంచో తీసిన ఫోటో అయితే బట్టా ఇరుముడీ మాత్రమే ఎర్రగా ఉంచండి. ఒకే మనిషి ముఖం పెద్దగా ఉంటే ఆ మనిషిని పూర్తిగా రంగులో ఉంచండి, నుదుటి కుంకుమతో సహా. ముఖం బూడిద చేసి బొట్టు ఒక్కటి ఎర్రగా వదిలేసే పోకడ నాకు పరమ చిరాకు. ముఖం బూడిద అయితే మాత్రం గడ్డం కింది ఎర్ర ఛాయనూ తెలుపు బ్రష్‌తో తుడిచేయాల్సిందే.

అసలు ఏ ఫోటోకు ఇది నప్పుతుందనే ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. స్పీల్‌బర్గ్ 1993లో తీసిన షిండ్లర్స్ లిస్ట్ దాదాపు మొత్తం నలుపు తెలుపు సినిమా. అందులో ఒక చిన్నపాప కోటుకు మాత్రం ఎరుపు ఉంచారు. ఆ పాపను గుంపులో మనం మరిచిపోకూడదు, తరవాత ఇంకోచోట గుర్తుపట్టాలి, అందుకు ఆ రంగు. రంగుకు పని ఉంది. భవానీల ఎరుపుకూ పని ఉంది, అది వాళ్లు కోరి కట్టుకున్న దీక్ష రంగు. అదే ఫోటోలో ఆటోను పసుపుగా ఉంచితే ఆటో పసుపుగా ఉందన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియదు. పత్రికకు పంపే వార్తాచిత్రంలో మాత్రం ఈ పని చేయకండి. జరిగింది జరిగినట్టు చూపించాల్సిన చోట ఎరుపును మీరు ఎంచి నిలబెట్టకూడదు.

సగం ఫోటో పూర్తయ్యాక ఒకసారి ఆల్ట్ పట్టుకుని మాస్క్ చతురస్రం మీద క్లిక్ చేయండి. ఫోటో పోయి మాస్క్ ఒక్కటే తెరనిండా వస్తుంది. తెల్లటి నేల మీద నల్లటి మనుషుల నీడలు. నలుపులో అక్కడక్కడా తెల్ల చుక్కలు, తెలుపులో దారితప్పిన నల్ల మచ్చలు బట్టబయలవుతాయి. ఫోటోలో కంటికి ఆనని తప్పులివి, ప్రింటులో మాత్రం పొక్కుల్లా కనిపిస్తాయి. ఇక్కడే బ్రష్‌తో సరిచేసి మళ్లీ ఆల్ట్ క్లిక్‌తో వెనక్కి రండి. కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే మాస్క్ తాత్కాలికంగా పనిచేయడం ఆపుతుంది, ఫోటోషాప్‌లో దానికి షిఫ్ట్.

విసుగొస్తే మాయాబజార్‌ను తలుచుకోండి. 1957లో నలుపు తెలుపుల్లో వచ్చిన ఆ సినిమాకు హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేసింది. మనది రంగు తీసే పని, వాళ్లది పెట్టే పని. హద్దులు తేల్చుకోవాల్సిన బాధ మాత్రం ఇద్దరికీ ఉంది. నగ ఎక్కడ ఆగుతుంది, చర్మం ఎక్కడ మొదలవుతుంది అని. సెకనుకు 24 ఫ్రేములు. మూడు గంటల సినిమా అంటే రెండున్నర లక్షల పైమాట. మీ ముందున్నది ఒక్క ఫ్రేము.

అంచులన్నీ కుదిరాక కాసేపు లేచి వెళ్లి వచ్చి చూడండి. ఎరుపు మరీ ఎక్కువైనట్టు అనిపిస్తుంది, మీరు దాన్ని పెంచకపోయినా సరే. చుట్టూ బూడిద ఉంటే ఏ రంగైనా కంటికి రెట్టింపు అవుతుంది. పారిస్‌లో గోబెలిన్ తివాచీల కార్ఖానా అద్దకం విభాగాన్ని చూసుకున్న షెవ్రొల్ అనే రసాయన శాస్త్రవేత్త ఇలాంటి సంగతులన్నీ 1839లోనే పుస్తకంగా రాశాడు. దారాల రంగు బాగాలేదని వచ్చిన ఫిర్యాదులకు కారణం వెదికితే, తప్పు రంగుది కాదు, పక్కనున్న రంగుదని తేలింది. అందుకని ‘రంగు’ లేయర్ ఎంచుకుని, కలర్స్ మెనూలో హ్యూ శాచురేషన్ తెరిచి శాచురేషన్‌ను పది పదిహేను తగ్గించండి. తరవాత ‘బూడిద’ లేయర్ బొమ్మ మీద క్లిక్ చేసి, ఈసారి మాస్క్ మీద కాదు, కర్వ్స్‌లో నీడలు కొంచెం కిందికి, వెలుగులు కొంచెం పైకి లాగండి. స్తంభాల గరుకుతనం, తారు మీది దుమ్ము తేలతాయి. ఎరుపు తగ్గి, బూడిద బలపడితేనే రెండూ ఒకే ఫోటోలో ఉన్నట్టుంటాయి.

కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్‌లో స్నాప్‌సీడ్‌తో ఇదే పని చేసుకోవచ్చు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వేసి, చేసిన మార్పుల జాబితా తెరిచి, అందులో ఆ ఫిల్టర్ మీద నొక్కితే బ్రష్ గుర్తు వస్తుంది. ముందు దాన్ని ఫోటో మొత్తానికీ వర్తింపజేసి, బ్రష్ విలువ సున్నాకు దించి భవానీల మీద వేలితో రుద్దండి. అదీ మాస్కే. వేలి లావు వల్ల అంచులు కుదరవు, రెండు వేళ్లతో బాగా పెద్దది చేసుకుని రుద్దాలి.

ఇక దాచుకోవడం. గింప్‌లో సేవ్ అంటే ఎక్స్‌సీఎఫ్ ఫైల్, అందులో లేయర్లూ మాస్కూ అలాగే ఉంటాయి. ముందు అది చేయండి. జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి, షిఫ్ట్, కంట్రోల్, ఈ. క్వాలిటీ 90కి పైనే ఉంచండి. జేపెగ్ ఒక్కటే ఉంచుకుని ఎక్స్‌సీఎఫ్ పారేస్తే రేపు ముఖాలకు రంగు కావాలనిపించినప్పుడు మొదటికొస్తుంది.

ప్రింటు వేయించేటప్పుడు ముందు చిన్న సైజులో ఒకటి తీయించి చూడండి. కలర్ ప్రింటులో బూడిదరంగును కూడా రంగులు కలిపే తయారుచేస్తారు కాబట్టి అది కొంచెం ఆకుపచ్చకో ఊదాకో తిరిగే ప్రమాదం ఉంది. పైగా ల్యాబ్ యంత్రాల్లో రంగులను దానంతటదే సవరించే ఏర్పాటు ఉంటుంది. అంతా బూడిద, మధ్యలో ఒక్క ఎరుపు కనబడితే ఫోటోలో ఏదో తేడా ఉందనుకుని అది దిద్దబోతుంది. “ఆటో కరెక్షన్ ఆపేసి వేయండి” అని ముందే చెప్పాలి. పెన్‌డ్రైవ్ ఇచ్చి కౌంటర్ దగ్గర నిలబడితే ఆపరేటర్ తెరమీద ఫోటో చూసి, “ఇది కలర్ కిందా సార్, బ్లాక్ అండ్ వైట్ కిందా?” అని అడగడం ఖాయం. జెరాక్స్ సెంటర్లో అయితే రేటులో తేడా కూడా ఉంటుంది. కలర్ అనే చెప్పండి. నాలుగు రూపాయలు మిగులుతాయని రెండోది ఒప్పుకుంటే సాయంత్రమంతా పడ్డ శ్రమ బూడిదలో కలుస్తుంది.